ఓరల్‌కి బట్టీ పనికిరాదు, విమానం కాగితాలు తిరగేయండి

సంపాదకుడికి,

అయ్యా,

ఇంటర్ ఫలితాలు రాగానే పత్రికల చదువుల పేజీల్లో పైలట్ కోర్సు మీద వ్యాసాలు వస్తాయి. ఫీజు ఎంత, ఎన్ని గంటలు ఎగరాలి, జీతం ఎంత వస్తుంది అన్నీ రాస్తారు. ప్రైవేట్ పైలట్ లైసెన్స్ ఇచ్చేముందు ఎగ్జామినర్ ఎదురుగా కూర్చోబెట్టి అడిగే ఓరల్ గురించి మాత్రం ఒక్క ముక్క ఉండదు. విశాఖ నుంచీ చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ అమెరికా ఫ్లయింగ్ స్కూళ్ళకి వెళ్ళే పిల్లలు ఆ లోటుని వాట్సాప్‌లో తిరిగే ప్రశ్నలు-జవాబుల పీడీఎఫ్‌లతో పూడ్చుకుంటున్నారు. వాటిని నమ్ముకున్నవాళ్ళు ఎక్కడ దొరికిపోతారో, దాని బదులు ఏం చదవాలో గ్రౌండ్ క్లాసులు చెప్పేవాళ్ళుగా రాస్తున్నాం. కాస్త పొడవైనా దయచేసి ప్రచురించండి.

ఆ పీడీఎఫ్‌లలో జవాబులు చాలావరకు తప్పు కావు, వేరే విమానానివి. "ఎగురుతుండగా ఆర్‌పీఎం మెల్లగా పడిపోతోంది, ఏం చేస్తావు?" అని ఎగ్జామినర్ అడిగితే కుర్రాడు తడుముకోకుండా "కార్బ్ హీట్ లాగుతాను" అంటాడు. కార్బురేటర్‌లో పట్టిన మంచుని వేడిగాలితో కరిగించే నాబు అది, సెస్నా 172ఎన్‌కి సరైన జవాబే. అతను నేర్చుకున్నది 172ఎస్ అయితే దానికి కార్బురేటరే లేదు, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజను. లాగడానికి ఆ నాబే ఉండదు. నలభై గంటలు కళ్ళెదుట ఉన్న ప్యానెల్‌లో లేని నాబు పేరు చెప్పాక, తర్వాతి జవాబులన్నీ ఎగ్జామినర్ అనుమానంగానే వింటాడు.

కార్బురేటర్ ఉన్న సెస్నా 152 మీద పరీక్ష ఇచ్చేవాళ్ళది ఇంకో పొరపాటు. మంచు పట్టడం చలిదేశాల సంగతి అనుకుంటారు. జూలైలో మన బీచ్ రోడ్డులో తగిలే గాలి, 28 డిగ్రీల వేడి, చెమట ఆరనివ్వని తేమ, అది చాలు. కార్బురేటర్ గొంతులో గాలి వేగం పెరిగి పీడనం తగ్గుతుంది, పెట్రోలు ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది. రెండూ కలిసి అక్కడి ఉష్ణోగ్రతని 20 డిగ్రీలకి పైగా కిందికి దించగలవు. కిందికి దిగేటప్పుడు థ్రాటిల్ దాదాపు మూసి ఉంటుంది కాబట్టి ప్రమాదం అప్పుడే ఎక్కువ. స్థిరమైన పిచ్ (మారని రెక్కల కోణం) ఉన్న ప్రొపెల్లర్‌తో మొదటి గుర్తు ఆర్‌పీఎం తగ్గడం. కార్బ్ హీట్ పూర్తిగా లాగితే ఆర్‌పీఎం ఇంకా పడుతుంది, కరిగిన నీళ్ళు ఇంజనులోకి పోయి అది దగ్గుతుంది. కొత్తవాళ్ళు సరిగ్గా అక్కడే భయపడి నాబుని లోపలికి తోసేస్తారు. తోయకూడదు. మంచు కరిగేదాకా అలాగే ఉంచితే ఆర్‌పీఎం తిరిగి పైకి వస్తుంది. ఈ వరస చెప్పగలిగినవాణ్ని ఆ అంశం మీద రెండో ప్రశ్న అడగరు.

అందుకే చదువు మొదలుపెట్టాల్సింది మీరు పరీక్ష ఇవ్వబోయే విమానం పీఓహెచ్‌తో, అంటే దాని హ్యాండ్‌బుక్‌తో. 172ఎస్‌లో ఇంధనం నమూనా తీసే చోట్లు 13. ఒక్కో రెక్క కింద ఐదు, ముక్కు కింద మూడు. మ్యాగ్నెటోలు, అంటే ఇంజనుకి నిప్పురవ్వ ఇచ్చే రెండు పరికరాల పరీక్ష 1,800 ఆర్‌పీఎం దగ్గర చేస్తారు. ఏ ఒక్కదాని మీద ఉంచినా 150కి మించి పడకూడదు, రెండిటి మధ్య తేడా 50 దాటకూడదు. ఇవి అందరూ అప్పజెబుతారు. "అసలు పడనే లేదు, మంచిదేగా?" అంటే చాలామంది తల ఊపేస్తారు. మంచిది కాదు. స్విచ్ ఆ మ్యాగ్నెటోని ఆపలేకపోతోందని, గ్రౌండ్ వైరు తెగి ఉండొచ్చని దాని అర్థం. తాళం తీసేసిన ఇంజను ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పినా అంటుకోవచ్చు.

ఇక కాగితాలు. అవి సరిగా లేకపోతే పరీక్ష మొదలే కాదు. మన తెలుగువాళ్ళకి మొదటి గండం పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఇనిషియల్‌గా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా విడదీసి ఉంటుంది, మెడికల్ సర్టిఫికెట్‌లో ఎవరో టైపు చేసినట్టు ఉంటుంది. ఐఏసీఆర్ఏ అనే ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) ఆన్‌లైన్ దరఖాస్తు, రాతపరీక్ష రిపోర్టు, మెడికల్, స్టూడెంట్ సర్టిఫికెట్, అన్నీ పాస్‌పోర్టులోని పేరుతోనే ఉండాలి. విశాఖలో ఉండగానే సరిచూసుకుంటే అరగంట పని, అక్కడికి వెళ్ళాక వారాలు. లాగ్‌బుక్‌లో మాటిమాటికీ చూసే తప్పు సోలో క్రాస్‌కంట్రీ, అంటే ఒంటరిగా దూరం ఎగిరే ప్రయాణం, దగ్గర. మొత్తం 150 నాటికల్ మైళ్ళు, మూడు చోట్ల పూర్తిగా ఆగిన ల్యాండింగులు, అందులో ఒక అంచె 50 మైళ్ళు దాటాలి. 49 వచ్చిందంటే మళ్ళీ ఎగరాల్సిందే. రాతపరీక్షలో తప్పిన అంశాలు రిపోర్టులో కోడ్లుగా ఉంటాయి. వాటిని తిరిగి నేర్పానని ఇన్‌స్ట్రక్టర్ సంతకం చేయాలి, ఎగ్జామినర్ కూడా వాటిని తప్పక అడుగుతాడు. ఓరల్‌లో ఏ ప్రశ్నలు వస్తాయో ముందే చెప్పే కాగితం అదొక్కటే. చాలామంది దాన్ని మడిచి ఫైల్లో పెట్టేస్తారు.

విమానం కాగితాల్లో ఎయిర్‌వర్దీనెస్ సర్టిఫికెట్, రిజిస్ట్రేషన్, పీఓహెచ్, బరువు-బ్యాలెన్స్ పత్రం ఉండాలని అందరికీ నోటికి వచ్చు. మెయింటెనెన్స్ లాగ్ ముందు పెట్టి "ఈ విమానం ఈరోజు ఎగరొచ్చా? చూపించు" అంటేనే చెమటలు పడతాయి. వార్షిక తనిఖీ మార్చి 10న సంతకం అయితే అది వచ్చే ఏడాది మార్చి 31 దాకా చెల్లుతుంది, మార్చి 10 దాకా కాదు. అద్దెకిచ్చి పాఠం చెప్పే విమానానికి 100 గంటల తనిఖీ కూడా కావాలి. అది ట్యాక్ మీటరు (ఇంజను గంటలు చూపేది) 2,450 దగ్గర పడాల్సి ఉందనుకోండి. తనిఖీ చేసే చోటికి చేరడానికి గరిష్ఠంగా 10 గంటలు మించనిస్తారు. 2,457 దగ్గర చేశారు. తర్వాతిది 2,557కి కాదు, 2,550కి. వాడుకున్న ఆ 7 గంటలు కోత పడతాయి. రాడార్‌కి జవాబిచ్చే ట్రాన్స్‌పాండర్‌కి 24 నెలలు, కూలితే సంకేతం పంపే ఈఎల్‌టీ తనిఖీకి 12 నెలలు. సాఫ్ట్‌వేర్ ప్రింటవుట్ చూపించి సరిపెట్టొద్దు, సంతకం ఉన్న పేజీ చూపించాలి.

తర్వాత పాడైన పరికరం ప్రశ్న వస్తుంది. ఎడమ ట్యాంకు ఫ్యూయల్ గేజ్ కదలడం లేదు, ట్యాంకు నిండా ఉందని కళ్ళారా చూశారు, వెళ్తారా? వెళ్ళకూడదు. ప్రతి ట్యాంకుకీ పనిచేసే గేజ్ ఉండాలని ఎఫ్ఏఏ నిబంధన 91.205 చెబుతుంది. పగటిపూట ల్యాండింగ్ లైటు వెలగకపోతే జవాబు వేరు. విమానం పరికరాల జాబితా, 91.205, ఎయిర్‌వర్దీనెస్ డైరెక్టివ్‌లు (ఎఫ్ఏఏ ఇచ్చే తప్పనిసరి భద్రతా ఆదేశాలు) వరసగా చూసి, ఎక్కడా తప్పనిసరి కాదని తేలాక, దాన్ని తీసేసి గానీ పనిచేయకుండా చేసి గానీ పక్కన 'పనిచేయదు' అని చీటీ అంటించి, రికార్డులో రాయాల్సింది రాయించి వెళ్ళొచ్చు. ఎగ్జామినర్‌కి కావాల్సింది ఈ వరసే.

బరువు లెక్క ఇంటి దగ్గరే చేయొచ్చు. మనం కిలోల్లో ఆలోచిస్తాం, పీఓహెచ్ పౌండ్లలో ఉంటుంది. 172ఎస్ గరిష్ఠ టేకాఫ్ బరువు 2,550 పౌండ్లు. ఖాళీ బరువు 1,680 అనుకుందాం. మిగిలేది 870. 80 కిలోల చొప్పున నలుగురు ఎక్కితే 704. ఇంధనానికి మిగిలింది 166 పౌండ్లు. గ్యాలన్‌కి 6 పౌండ్ల లెక్కన 27 గ్యాలన్లు. ట్యాంకుల్లో వాడుకోగలిగేది 53 గ్యాలన్లు కాబట్టి సగం మాత్రమే పోయాలన్నమాట. గంటకి 10 గ్యాలన్లు కాలితే రెండు గంటల నలభై నిమిషాలు, పగటి రిజర్వు అరగంట తీసేస్తే రెండు గంటల పది నిమిషాలు. సంచీ ఒక్కటి కూడా లేకుండా. నాలుగు సీట్లు ఉన్నాయంటే నలుగురూ, నిండు ట్యాంకులూ అని కాదని ఈ లెక్కతో తెలుస్తుంది. గుర్తుంచుకోండి, పీఓహెచ్‌లో అచ్చయిన ఖాళీ బరువు నమూనా మాత్రమే. ఆ విమానానిదే అయిన తూకం పత్రంలో అంకె వేరుగా ఉంటుంది. ఎక్కువమంది తప్పేది అక్కడే.

వాతావరణం నేర్చుకోవడానికి విశాఖని మించిన చోటు లేదు. ఐఎన్‌ఎస్ డేగా విమానాశ్రయం మేటార్, అంటే వాతావరణ నివేదిక, రోజూ తీసి చదవండి. మేలో ఒక మధ్యాహ్నం ఉష్ణోగ్రత 36, డ్యూ పాయింట్ (తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత) 27, క్యూఎన్‌హెచ్ (సముద్రమట్టానికి లెక్కగట్టిన గాలి పీడనం) 1003 అనుకుందాం. ప్రామాణికం 1013 కంటే 10 తక్కువ, ఒక్కోదానికి 30 అడుగులు, అంటే ప్రెషర్ ఆల్టిట్యూడ్ (పీడనం ప్రకారం ఎత్తు) 300. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 14 కాబట్టి తేడా 22, డిగ్రీకి 120 అడుగుల చొప్పున 2,640. కలిపితే డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి పల్చదనం ప్రకారం ఎత్తు) 2,900 దాటింది. సముద్రం ఒడ్డున నిలబడి ఉన్నా రెక్కలకీ ఇంజనుకీ అరకు కొండల గాలే తగులుతుంది. టేకాఫ్ పరుగు ఎందుకు పెరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు. అవే అంకెలతో మేఘాల అడుగు కూడా అంచనా కట్టొచ్చు. 36లోంచి 27 తీసేస్తే 9, దాన్ని 2.5తో భాగిస్తే 3.6, అంటే సుమారు 3,600 అడుగులు. అమెరికా మేటార్‌లో విజిబిలిటీ మైళ్ళలో, ఆల్టిమీటర్ అంగుళాల్లో ఉంటాయి. వెళ్ళేముందే రెండూ అలవాటు చేసుకోండి.

ఏరోడైనమిక్స్‌లో మనవాళ్ళు తడబడేది స్టాల్, అంటే రెక్క విమానాన్ని ఎత్తే శక్తి పడిపోవడం, దగ్గర. "వేగం తగ్గితే స్టాల్" అనేది సగం జవాబు. రెక్క గాలిని కలిసే కోణం పరిమితి దాటితే స్టాల్, ఏ వేగంలోనైనా. 60 డిగ్రీల బ్యాంకులో, అంటే రెక్కలు అంత వంచి, ఎత్తు కోల్పోకుండా తిరిగితే రెక్కల మీద బరువు రెట్టింపు, స్టాల్ వేగం 1.41 రెట్లు. 172ఎస్‌లో ఫ్లాప్స్ లేకుండా 48 నాట్లున్నది 68 అవుతుంది. టేకాఫ్‌లో విమానం ఎడమకి ఎందుకు లాగుతుందన్న ప్రశ్నకి ఆర్కే బీచ్‌లో మంచి పాఠం ఉంది. 2017లో నౌకాదళం సేవల నుంచి తప్పించి మ్యూజియంగా మార్చిన టీయూ-142ని దగ్గరగా చూడండి. ఒక్కో ఇంజనుకి ఒకదాని వెనక ఒకటి రెండు ప్రొపెల్లర్లు, ఎదురెదురుగా తిరిగేవి. ఒకదాని మెలిక ఇంకోటి రద్దు చేస్తుంది. సెస్నాకి ఉన్నది ఒక్కటే ప్రొపెల్లర్, దాని మెలికని రద్దు చేసేది రడ్డర్ పెడల్ మీద మీ కుడికాలు.

జవాబు చెప్పే తీరు కూడా సాధన చేయాలి. ఓరల్‌లో పుస్తకం తెరవొచ్చు. "ఖచ్చితంగా గుర్తులేదు, ఇక్కడ చూసి చెప్తాను" అని అర నిమిషంలో పేజీ తీస్తే మార్కు పోదు. ఇంజను ఆగితే ఏం చేయాలో మాత్రం పుస్తకం చూసి చెబుతానంటే కుదరదు. 172ఎస్‌కి 68 నాట్ల గ్లైడ్ మొదటి మాటగా రావాలి. మన పిల్లలకి ఇంకో అలవాటు ఉంది. ఎగ్జామినర్ కనుబొమ్మ ఎత్తి "ఖాయమేనా?" అనగానే సరైన జవాబుని కూడా మార్చేస్తారు. పెద్దవాళ్ళకి ఎదురుచెప్పకూడదన్న పెంపకం అది, ఇంట్లో మంచిదే. అక్కడ మాత్రం "ఖాయమే సార్, ఎందుకంటే" అని కారణం చెప్పాలి. అడిగిందానికి చెప్పి ఆగాలి. అదనంగా చెప్పే ప్రతి మాటా కొత్త ప్రశ్నకి దారి.

తిరిగొచ్చి డీజీసీఏ (భారత విమానయాన నియంత్రణ సంస్థ) లైసెన్స్‌కి మార్చుకునేటప్పుడు రెండు దేశాల నిబంధనలు కలిపేయొద్దు. మద్యం తర్వాత విరామం ఎఫ్ఏఏకి 8 గంటలు, మనకి 12.

పరీక్ష ముందురోజు రాత్రి కొత్తగా ఏమీ చదవొద్దు. లాగ్‌లో వార్షిక తనిఖీ, 100 గంటలు, ట్రాన్స్‌పాండర్, ఈఎల్‌టీ పేజీలకి రంగు చీటీలు అంటించండి, ఎగ్జామినర్ బరువు అడిగి తెలుసుకుని లెక్కలో వేయండి, మర్నాటి తాజా వాతావరణంతో ప్రయాణం ప్లాను మళ్ళీ ఒకసారి కట్టండి.

ఇట్లు,
గ్రౌండ్ క్లాసులు చెప్పే ఇద్దరు శిక్షకులు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం