తుమ్మెద మళ్ళీ దూరింది

ఎడిసన్, న్యూజెర్సీ
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ శీనూ,

ముందు కసితీరా తిట్టుకో, తర్వాత చదువు. అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి రాలేదు, కార్డు అందిందని కూడా చెప్పలేదు. ఆషాఢంలో సత్తిబాబాయ్ పోయాడని నువ్వు మెసేజ్ పెడితే చేతులు జోడించిన బొమ్మ ఒకటి పడేసి ఊరుకున్నాను. ఫోన్ చేద్దామని నాలుగుసార్లు తీశాను. తీసి... సరే, ఆ సంగతి తర్వాత.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. పెద్దాడు కాలేజీలో చేరాడు, ఫీజు ఎంతని అడగకు. చిన్నదాని పళ్ళకి క్లిప్పులు వేయించాం. నా ఉద్యోగం ఈ నెల వరకైతే ఉంది. అమ్మ మోకాళ్ళు యథాప్రకారం. కబుర్లు అయిపోయాయి.

ఇప్పుడు అసలు విషయం. ఒరేయ్, నేను గిటార్ కొన్నాను! ఎలక్ట్రిక్ గిటార్. మనకంటే పన్నెండేళ్ళు పెద్దది. వాట్సాప్‌లో పెడితే నువ్వు బొటనవేలు బొమ్మ పెట్టి రొయ్యల చెరువుకి పోతావు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

మే నెలలో ఒక శనివారం చిన్నదానికి సైకిల్ చూద్దామని ఒక ఇంటి ముందు పాత సామాన్ల అమ్మకానికి వెళ్ళాం. గడ్డి మీద గిన్నెలు, దీపాలు, వాటి పక్కన నల్లటి పెట్టె. పిడి సగం ఊడింది. హార్మోనియం అనుకున్నాను. మూత ఎత్తితే లోపల స్పీకరు, గుండీలు, పాత వైరు, వాటి ముందు ఒదిగి పడుకుని ఈ గిటారు. పెట్టే ఆంప్లిఫైయర్‌రా! ఇంటికి తెచ్చుకుని, పెట్టె నిలబెట్టి, వైరు గుచ్చి వాయించుకోవడమే.

అమ్మే ఆవిడకి డెబ్భై దాటి ఉంటాయి. "మా తమ్ముడిది, బ్రహ్మాండంగా పనిచేస్తుంది" అంది. మూడు వందలు చెప్పింది. నేను నూట యాభై నుంచి మొదలుపెట్టి, రెండుసార్లు వెళ్ళిపోతున్నట్టు నటించి, 220కి తెచ్చాను. మీ చెల్లెమ్మకి 120 అని చెప్పాను. ఈ పేరా మీ ఇంట్లో పైకి చదవకు, మీ ఆవిడా మా ఆవిడా ప్రతి ఆదివారం మాట్లాడుకుంటారు.

దీని మీద సిల్వర్‌టోన్ అని ఉంటుంది. అది సియర్స్ వాళ్ళ బ్రాండు. కేటలాగ్ చూసి పోస్టులో ఆర్డర్ ఇస్తే రంపం నుంచి రిఫ్రిజిరేటర్ దాకా పంపేవాళ్ళే, వాళ్ళు. మోడల్ 1448, 1962లో వచ్చింది. అప్పట్లో గిటారు, పెట్టె, ఆంప్లిఫైయరు అన్నీ కలిపి 67.95 డాలర్లు. గిటార్ కావాలని ఇంట్లో ఏడ్చే పిల్లవాడికి, తండ్రి ఒక్కసారి డబ్బు పెడితే అయిపోయేలా అమర్చిన సరుకు. తయారుచేసింది మాత్రం డేన్‌ఎలెక్ట్రో కంపెనీ, నేథన్ డేనియల్ అనే ఆయనది. ఫ్యాక్టరీ ఎక్కడో తెలుసా? నెప్ట్యూన్, న్యూజెర్సీ! ఏటా ఎండాకాలంలో మేం పులిహోర డబ్బాలు కట్టుకుని వెళ్ళే ఆస్‌బరీ పార్క్ బీచ్‌కి దగ్గర్లోనే ఉంటుంది ఆ ఊరు. ఇన్నేళ్ళూ దాని పక్కనుంచే పోయాను. 1966లో డేనియల్ కంపెనీని ఎంసీఏ అనే పెద్ద వినోద సంస్థకి అమ్మాడు, 1969కల్లా మూతపడింది.

ఇక ఇది దేంతో చేశారో చెబితే నవ్వుతావు. మనం పరీక్షలకి క్లిప్పు పెట్టుకుని తీసుకెళ్ళే గోధుమరంగు అట్ట గుర్తుందా? అదే! మేసనైట్. లోపల పోప్లర్ చెక్కతో చట్రం, దానికి ముందొక అట్ట, వెనకొక అట్ట, అంచులు కనపడకుండా చుట్టూ వినైల్ టేపు, పైన మెరుపులు కలిపిన నల్ల రంగు. మధ్యలో డొల్ల. నువ్వు ఇంటర్‌లో ఏ అట్ట మీద "మాధవి" అని చెక్కావో (మీ ఆవిడకి ఇదీ చదవకు) ఆ అట్టతో అమెరికావాడు వేలకొద్దీ గిటార్లు చేసి అమ్మాడు. లెడ్ జెప్పెలిన్ గిటారిస్టు జిమ్మీ పేజ్ అంతటివాడు కూడా డేన్‌ఎలెక్ట్రో వాయించాడంటే ఇంకేమనాలి.

పికప్ సంగతి ఇంకా బాగుంటుంది. తీగ కదలికని పట్టి కరెంటుగా మార్చే ముక్క ఉంటుంది కదా, దాన్ని లిప్‌స్టిక్ గొట్టంలో పెట్టాడు. పోలిక కాదు, నిజంగానే లిప్‌స్టిక్ గొట్టాలు కొని వాటిలోనే బిగించాడు డేనియల్. ఈ ముక్క చెబితే మీ చెల్లెమ్మ "దీనికోసమైతే నా డ్రాయర్‌లో చూసుకోవాల్సింది, నూట ఇరవై దండగ" అంది. నూట ఇరవై!

ఇంటికి తెచ్చి, ఆ పాత పెట్టెని నమ్మకుండా పెద్దాడి చిన్న ఆంప్లిఫైయర్‌కి తగిలించాను. మీటాను. ఏమీ లేదు. వాల్యూమ్ చివరిదాకా తిప్పినా లేదు. గుర్రుమని కూడా అనలేదు. బ్రహ్మాండంగా పనిచేస్తుందట! ఆ ముసలావిడ మీద కోపం వచ్చింది, తర్వాత ఆవిడ మాత్రం ఎన్నేళ్ళ క్రితం విందోలే అనిపించింది.

విప్పాను. వాల్యూమ్ గుండీ వెనక 1376319 అని అచ్చు ఉంది. 137 అంటే ఆ గుండీ చేసిన సీటీఎస్ కంపెనీ, 63 అంటే 1963, 19 అంటే ఆ ఏడాది పంతొమ్మిదో వారం. రేషన్ కార్డులో నీ పుట్టినతేదీ కంటే ఇది నయం. మల్టీమీటర్ పెడితే, మంచి లిప్‌స్టిక్ పికప్ నాలుగు వేల ఓముల పైన చూపించాలి, ఇది చూపించింది ఒంటి 1. అంటే లోపల తీగ తెగింది. ఇలాంటి పికప్ కొత్తది ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, మార్చి పారేయమన్నారు ఆఫీసులో గిటార్ వాయించే కుర్రాళ్ళు. మార్చేస్తే ఇంక మిగిలేది పరీక్ష అట్టేగా. మూసి అటక మీద పెట్టేశాను.

పెట్టిన మూడు వారాలకి నీ మెసేజ్ వచ్చింది, బాబాయ్ గురించి.

నీకు ఫోన్ చేయలేదు. కానీ ఆ రాత్రి పన్నెండింటికి గరాజ్‌లోకి వెళ్ళి సోల్డరింగ్ ఐరన్ వేడిపెట్టాను. ఎందుకని అడగకు.

గొట్టం రెండు ముక్కలు. అతుకు దగ్గర టంకం కరిగించి మెల్లగా లాగితే, అగ్గిపెట్టె కంటే పొడవాటి అయస్కాంతం బద్ద, దాని మీద టేపు, టేపు మీద వేల చుట్లు రాగి తీగ. మా అమ్మ తలవెంట్రుక కంటే సన్నం. ఊపిరి తగిలితే కదులుతోంది. బయటి వైరుతో కలిసే చోట చూస్తే పచ్చటి చిలుము, ఆవగింజంత. అక్కడే తెగింది! లోపలెక్కడో తెగి ఉంటే మొత్తం విప్పి మళ్ళీ చుట్టాల్సిందే, నావల్ల అయ్యే పని కాదు. ఒక చుట్టు వెనక్కి విప్పాను. ఆ తీగకి లక్కపూతలాంటిది ఉంటుంది, అది గీకకపోతే టంకం పట్టదు. గరుకు కాగితంతో గీకాను. తెగింది. ఇంకో చుట్టు విప్పాను. అదీ తెగింది. కళ్ళజోడు మీద చెమట పడుతోంది, ఫ్యాన్ వేస్తే తీగ ఎగిరిపోతోంది. మూడోసారి, "ఐరన్‌తో లెడ్డు కరిగించకురా, వేడి వస్తువుకివ్వు, లెడ్డు దానంతటదే పరిగెడుతుంది" అని బాబాయ్ అనే మాట చెవిలో వినపడింది. మైకుసెట్టు షాపు, ఆ స్టూలు, ఆయన బీడీ వాసన... వేడి వైరుకిచ్చాను. లెడ్డు పరిగెట్టింది.

మీటర్ పెడితే 4.21 వేల ఓములు! కేకేశాను. మీ చెల్లెమ్మ షాక్ కొట్టిందనుకుని చీపురుకర్ర పట్టుకుని వచ్చింది. కర్ర తేవాలని తెలిసినందుకు ముచ్చటేసింది.

మిగతాది గబగబా రాస్తాను. గుండీలకి స్ప్రే కొట్టాను, మరలకి నూనె వేశాను, మెడ మీది ఫ్రెట్ల కమ్మీలు తుడిచాను. రంగు జోలికి మాత్రం పోలేదు, ఆ గీతలు ఆ తమ్ముడివి. తీగలు మరీ ఎత్తుగా ఉన్నాయి, నొక్కితే వేళ్ళు కోసుకుపోతున్నాయి. దీని మెడలో ఉక్కు కడ్డీలే తప్ప బిగించి సరిచేసే రాడ్డు లేదు. అందుకని మెడ విప్పి, గూటిలో లోపలి చివర సన్నటి అట్ట ముక్క పెట్టాలి, అప్పుడు మెడ రవ్వంత వెనక్కి వాలి తీగలు కిందికి దిగుతాయి. చుట్టూ వెతికితే చేతికి అందింది మీ అమ్మాయి ఫంక్షన్ కార్డు. పసుపు రాసిన మూల కత్తిరించి పెట్టాను. అతికినట్టు సరిపోయింది. కాబట్టి, నేను రాకపోయినా మీ శుభకార్యం నా గిటార్ మెడలో ఉంది. క్షమించేయ్.

పెట్టెలోని ఆంప్లిఫైయర్ నేను ముట్టుకోలేదు. రెండు పుల్లల ప్లగ్గు, ఎర్తింగ్ లేదు, వాల్వుల సెట్టు, ప్లగ్గు పీకేసినా కెపాసిటర్లలో వోల్టేజీ నిలిచి ఉంటుంది. అలాంటివి ముట్టుకునేటప్పుడు బాబాయ్ ఎడమ చెయ్యి జేబులో పెట్టుకునేవాడు, గుర్తుందా? స్టైలనుకునేవాళ్ళం. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుందని. ఇక్కడ పాత రేడియోలు బాగుచేసే పెద్దాయనకి ఇచ్చాను. ఎండిపోయిన కెపాసిటర్లు మార్చి, మూడు పుల్లల ప్లగ్గు వేసి ఇచ్చాడు. బిల్లు గిటార్ ఖరీదుకి దగ్గర్లో ఉంది. అదీ 120 లెక్కలోనే కలిసిపోయింది.

నిన్న రాత్రి పెట్టె ఇంటికొచ్చింది. వైరు గుచ్చాను. వాల్వులు వేడెక్కడానికి అర నిమిషం. ఇంకా తీగ మీటలేదు. ఏం వినపడిందో చెప్పనా?

జుంయ్...

ఒరేయ్, అదేరా! 1995 వినాయక చవితి! టెలిఫోన్ రిసీవర్ ముక్క పీకి నీ గిటార్‌కి టేపేసి, సత్తిబాబాయ్‌కి చెప్పకుండా మైకుసెట్టుకి గుచ్చితే, పంతులుగారు మంత్రపుష్పం ఆపి "ఈ తుమ్మెద ఎక్కడ దూరిందిరా" అనలేదూ? అదే తుమ్మెద! నేలమీద కూర్చుని ఒక్కణ్ణే నవ్వాను. కాసేపటికి నవ్వు కాదది.

ఇంకో మాట, ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. వింటుంటే శ్రుతి తేడాగా అనిపించింది. అక్కడి తుమ్మెద ఇంత పైన లేదే అని. నిజమే! ఆ హమ్ కరెంటు నుంచి వచ్చేదే. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి యాభై ఊపులు, ఇక్కడ 60. ఆరుకి ఐదు నిష్పత్తి. మన పాలకొల్లు తుమ్మెదని షడ్జమం అనుకుంటే, ఎడిసన్ తుమ్మెద సరిగ్గా సాధారణ గాంధారం! ముప్ఫై ఏళ్ళలో నేను ఎదిగింది సా నుంచి గా దాకా. "మా పాలకొల్లు వాడు" అని నువ్వు ఎగిరెగిరి చెప్పే మాండలిన్ శ్రీనివాస్, జంట తీగల మాండలిన్‌ని ఎలక్ట్రిక్ చేసి ఐదు ఒంటి తీగల మీద గమకాలు పలికించాడు. మనం చేసింది తుమ్మెద. ఊరు మాత్రం ఒకటే.

తీగల మీద చెయ్యి ఆనిస్తే హమ్ తగ్గుతుంది. ఆనించలేదు. చాలాసేపు అలాగే ఉంచాను. బాబాయ్ ఆ రోజు మనల్ని కొట్టకుండా ఆ రిసీవర్ ముక్క అటూ ఇటూ తిప్పి చూసి "దీనికి మంచి అయస్కాంతం ఉంటేనా..." అన్నాడు చూడు, నేను అసలు ఇంజనీరింగ్‌లో... పిన్ని ఎలా ఉంది? షాపు ఎవరు చూస్తున్నారు? ఆ స్టూలు ఉంటే ఎవరికీ ఇవ్వొద్దని చెప్పు, నేను సంక్రాంతికి

కుక్కర్ నాలుగో విజిల్ వేసింది, కట్టమని అరుస్తున్నారు. చిన్నదాన్ని డాన్స్ క్లాసు నుంచి తేవాలి, ఇప్పటికే పది నిమిషాలు లేటు. పాట వాయించానా లేదా అన్నది వచ్చే ఉత్తరంలో. 220 సంగతి మర్చిపోకు, అంటే మర్చిపో.

నీ
తుమ్మెద