మొబైల్ బ్యాంకింగ్ యాప్ కొత్త వెర్షన్ చూపులేని ఖాతాదారులకు పనిచేయకపోవడంపై ఫిర్యాదు

జనరల్ మేనేజర్ గారికి,
డిజిటల్ బ్యాంకింగ్ విభాగం, ప్రధాన కార్యాలయం.

విషయం: యాప్‌లోని పిన్ కీప్యాడ్‌ను స్క్రీన్ రీడర్ (తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాధనం) చదవలేకపోవడం, టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ ఆన్‌లో ఉంటే యాప్ మూసుకుపోవడం గురించి.

ఆర్యా,

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుణ్ణి. నా జీతం ఖాతా మీ బ్యాంకు రాజమహేంద్రవరం శాఖలో ఉంది. పుట్టుకతోనే నాకు చూపు లేదు. ఆండ్రాయిడ్ ఫోనులోని టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ సాయంతో జీతం జమ అయిందో లేదో చూసుకోవడం, ఇంటి అద్దె పంపడం, కరెంటు బిల్లు కట్టడం, మా అమ్మగారి మందులకు డబ్బు చెల్లించడం వంటి పనులన్నీ ఇంతకాలం ఎవరినీ అడగకుండా మీ యాప్‌లోనే చేసుకుంటూ వచ్చాను. కొత్త వెర్షన్ వచ్చాక వీటిలో ఒక్కటి కూడా నా అంతట నేను చేసుకోలేకపోతున్నాను. కాల్ సెంటర్‌కు ఫోను చేసినా, శాఖకు స్వయంగా వెళ్లి చెప్పినా ఫలితం లేకపోవడంతో ఈ ఫిర్యాదును నేరుగా మీకు పంపుతున్నాను.

మొదటి ఇబ్బంది పిన్ కీప్యాడ్‌తో వచ్చింది. టాక్‌బ్యాక్ వాడేవారు తెర మీద వేలు ఆనించి కదుపుతుంటే వేలి కింద ఉన్నదాని పేరు వినిపిస్తుంది, కావలసినది దొరికాక రెండుసార్లు తట్టి దాన్ని నొక్కుతారు. పాత వెర్షన్‌లో పిన్ అడిగినప్పుడు నేను ఇయర్‌ఫోను పెట్టుకునేవాణ్ణి, అంకెలు నాకొక్కడికే వినిపించేవి. టాక్‌బ్యాక్‌లోనే ఉన్న సౌకర్యంతో తెరను పూర్తిగా చీకటి చేసుకునేవాణ్ణి కనుక పక్కన ఎవరున్నా నా పిన్ కనిపించేది కాదు. కొత్త వెర్షన్‌లో మీరు ప్రతిసారీ అంకెల చోటు మారిపోయే కీప్యాడ్ పెట్టారు. అంకెల చోటు మారడం వల్ల నాకు నష్టమేమీ లేదు, ఏ అంకె ఎక్కడుందో విని తెలుసుకోగలను. అయితే ఆ కీప్యాడ్ అంతటినీ ఒకే బొమ్మగా గీశారు. ఒక్కొక్క అంకెను విడి బటన్‌గా పెట్టి దానికి పేరు ఇవ్వలేదు. అందువల్ల తెర మీద ఎక్కడ వేలు పెట్టినా టాక్‌బ్యాక్‌కు చదవడానికి ఏమీ దొరకదు. నాలుగు అంకెలు నొక్కాల్సిన చోట నాకు నిశ్శబ్దం తప్ప మరేమీ వినిపించడం లేదు. ఈలోగా గడువు ముగిసి యాప్ నన్ను మొదటి పేజీకి పంపించేస్తోంది.

తరువాతి అప్‌డేట్‌తో పరిస్థితి ఇంకా దిగజారింది. ఇప్పుడు యాప్ తెరవగానే, ఫోనులో ప్రమాదకరమైన యాక్సెసిబిలిటీ సర్వీసు (తెరను చదివి, వాడేవారి బదులు బటన్లు నొక్కగల సహాయక సాధనం) ఆన్‌లో ఉందని, దాన్ని ఆపి మళ్లీ ప్రయత్నించమని సందేశం వస్తుంది, వెంటనే యాప్ మూసుకుపోతుంది. ప్రమాదకరమని మీరు చెబుతున్న ఆ సర్వీసు టాక్‌బ్యాక్. దాన్ని ఆపితే నా ఫోనులో ఏమీ తెలియదు, ఆపకపోతే మీ యాప్ తెరుచుకోదు. ఇదంతా ఫోనులో రికార్డు చేసి ఈ లేఖకు జతపరుస్తున్నాను.

ఇలా ఆపడం వెనుక ఉన్న భయాన్ని నేను అర్థం చేసుకోగలను. యాక్సెసిబిలిటీ అనుమతిని సంపాదించి, తెర మీద ఉన్నది చదివి, తామే బటన్లు నొక్కి డబ్బు కాజేసే దొంగ యాప్‌లు ఉన్నాయి. ఖాతాదారులను వాటినుంచి కాపాడటం మీ బాధ్యతే. అయితే దొంగ యాప్‌నూ స్క్రీన్ రీడర్‌నూ ఒకే గాట కట్టవలసిన అవసరం లేదు. ఫోనులో ఏ యాక్సెసిబిలిటీ సర్వీసులు ఆన్‌లో ఉన్నాయో ఆండ్రాయిడ్ మీ యాప్‌కు చెబుతుంది. ఫలానా సర్వీసు దివ్యాంగుల కోసం తయారైన సాధనమని దాన్ని తయారుచేసినవారు ప్రకటించే ఏర్పాటు ఆండ్రాయిడ్ 12 నుంచి ఉంది. పిన్ వంటి సున్నితమైన భాగాలను అలాంటి సాధనాలకు మాత్రమే కనిపించేలా గుర్తుపెట్టే వీలు ఆండ్రాయిడ్ 14లో వచ్చింది. ఇవి చేతిలో ఉండగా టాక్‌బ్యాక్ వాడే ప్రతి ఒక్కరినీ గుమ్మం బయటే నిలబెట్టడం భద్రత అనిపించుకోదు.

శాఖలో ఈ విషయం చెప్పినప్పుడు మేనేజర్ గారు నాతో మర్యాదగానే మాట్లాడారు. కానీ, ఇంట్లో ఎవరిచేతనైనా పిన్ కొట్టించుకోండి, లేదా శాఖకు వచ్చి ఓచరు రాయించుకోండి అని సలహా ఇచ్చారు. ఈ ఫిర్యాదులో నన్ను అన్నిటికన్నా బాధపెట్టిన సంగతి ఇదే. పిన్‌ను ఎవరికీ చెప్పవద్దని, బ్యాంకు సిబ్బంది అడిగినా చెప్పవద్దని మీరే నాకు ఎస్సెమ్మెస్‌లు పంపుతుంటారు. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, చెల్లింపు రహస్య వివరాలను ఖాతాదారు ఇతరులకు చెప్పినందువల్ల నష్టం జరిగితే, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టమంతా ఖాతాదారుదే. మీ శాఖ సలహా పాటించి నేను పిన్‌ను మరొకరికి చెబితే, ఆ తరువాత ఏం జరిగినా తప్పు నాదే అవుతుంది. మా ఇంట్లోవారి మీద నాకు నమ్మకం లేదని కాదు. నా ఖాతాలో ఎంత ఉందో, ఎవరికి ఎంత పంపానో నాకు మాత్రమే తెలిసి ఉండే వీలు మీ మిగతా ఖాతాదారులందరికీ ఉన్నట్టే నాకూ ఉండాలి. అందరిలాగే తన డబ్బు వ్యవహారాలను తానే చూసుకునే హక్కు దివ్యాంగులకు ఉందని దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 13వ సెక్షన్ చెబుతోంది.

నేను కోరుతున్నది ప్రత్యేకమైన దయ కాదు. తెర మీద నొక్కగలిగే ప్రతిదానికీ స్క్రీన్ రీడర్ చదవగల పేరు ఉండాలన్న నియమం 2008లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.0 అనే అంతర్జాతీయ ప్రమాణాల్లోనే ఉంది, వెబ్‌ను దివ్యాంగులు కూడా వాడగలిగేలా తయారుచేయడానికి అవి పెట్టినవి. మన దేశానికి ఐఎస్ 17802 అనే సొంత ప్రమాణం ఉంది, దాని మొదటి భాగం 2021లో, రెండవ భాగం 2022లో వెలువడ్డాయి, 2023లో దాన్ని దివ్యాంగుల హక్కుల చట్టం కింది నియమాల్లో చేర్చారు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, యాసిడ్ దాడి బాధితులూ చూపులేని ఒక న్యాయవాదీ వేసిన పిటిషన్లపై తీర్పు ఇస్తూ, డిజిటల్ సేవలను అందుకునే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. యాప్‌లో కొత్త సౌకర్యం తెచ్చేటప్పుడు పరీక్షల దశలోనే చూపులేనివారిని భాగస్వాములను చేయాలని, అర్హత గల నిపుణులచేత ఎప్పటికప్పుడు యాక్సెసిబిలిటీ ఆడిట్ (దివ్యాంగులు వాడగలుగుతున్నారో లేదో చూసే తనిఖీ) చేయించాలని ఆ తీర్పు ఆదేశించింది. ఈ కొత్త వెర్షన్‌ను విడుదలకు ముందు టాక్‌బ్యాక్ వాడే ఒక్కరి చేతికైనా ఇచ్చి ఉంటే, మొదటి నిమిషంలోనే ఈ లోపం బయటపడేది.

కనుక టాక్‌బ్యాక్‌ను అడ్డుకుంటున్న తనిఖీని వెంటనే తొలగించి, స్క్రీన్ రీడర్లను గుర్తించి అనుమతించేలా సరిచేయించగలరు. ఆ సవరణకు కొద్ది రోజులు చాలు కాబట్టి దాన్ని తదుపరి పెద్ద వెర్షన్ దాకా వాయిదా వేయవద్దని మనవి. కీప్యాడ్‌లో ప్రతి అంకెకూ విడి బటన్, దానికి పేరు పెట్టించగలరు. గడువు ముగిసే ముందు హెచ్చరించి, దాన్ని పొడిగించుకునే అవకాశం కూడా ఇప్పించాలి. ఇవి జరిగేదాకా పిన్‌ను మరొకరికి చెప్పమనే సలహా ఏ శాఖా ఇవ్వకూడదని రాతపూర్వకంగా ఆదేశాలు పంపవలసిందిగా గట్టిగా కోరుతున్నాను. మీ చివరి యాక్సెసిబిలిటీ ఆడిట్ ఎప్పుడు జరిగిందో, దానిలో ఈ కీప్యాడ్ గురించి ఏం రాశారో కూడా తెలియజేయగలరు. పరీక్షలకు మనుషులు కావాలంటే, టాక్‌బ్యాక్‌ను రోజూ వాడే నావంటి ఉపాధ్యాయులు, ఉద్యోగులు ఈ జిల్లాలోనే ఉన్నారు. నేను కూడా సెలవు రోజుల్లో వచ్చి సహకరిస్తాను.

30 రోజుల్లోగా మీ నుంచి సంతృప్తికరమైన జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, దివ్యాంగుల చీఫ్ కమిషనర్‌కు ఫిర్యాదు చేస్తానని తెలియజేస్తున్నాను. నా ఖాతా వివరాలు, ఫోను మోడలు, యాప్ వెర్షన్ నంబరు జతచేసిన పత్రంలో ఉన్నాయి. జవాబును సంతకం చేసిన కాగితాన్ని స్కాన్ చేసి బొమ్మగా పంపితే నా స్క్రీన్ రీడర్ దాన్ని చదవలేదు కనుక, దయచేసి ఈమెయిల్‌లోనే టైపు చేసి పంపించగలరు.

భవదీయుడు,
మీ ఖాతాదారు,
రాజమహేంద్రవరం.