విశాఖ ఉక్కుకు గనులు ఇవ్వకుండా నష్టాలంటే ఎలా?

సంపాదకుడు గారికి,

విజయవాడ భవానీపురం ఐరన్ యార్డులో ఓ కొట్టులో పద్దులు రాస్తాను. మొన్న మైలవరం వైపు నుంచి ఓ రైతు శ్లాబుకు ఇనుము కొనడానికి తాపీ మేస్త్రిని వెంటబెట్టుకుని వచ్చారు. మేస్త్రి చువ్వ మీద ఉబ్బెత్తుగా ఉన్న 'వైజాగ్' అక్షరాలను బొటనవేలితో తడిమి చూశాడు. "ఇదే వెయ్యండి, రేటు కాస్త ఎక్కువైనా పర్లేదు" అన్నారు రైతు. వెళ్లేముందు నన్నడిగారు, "ఈ ఫ్యాక్టరీని అమ్మేస్తారంటగా, నిజమేనాండీ?" అని.

విశాఖ ఉక్కులో వాటా నూటికి నూరు శాతం అమ్మాలని కేంద్రం 2021 జనవరి 27న నిర్ణయించింది. నష్టాలన్నారు. సరిగ్గా ఆ మరుసటి ఆర్థిక సంవత్సరంలోనే ఆ ఫ్యాక్టరీ 900 కోట్లకు పైగా లాభం చూపించింది! తర్వాత మళ్లీ నష్టాల్లో పడ్డ మాట నిజమే. సరుకు కొనడానికి చేతిలో డబ్బు ఆడక ఖనిజం కరిగించే కొలిమి, అదే బ్లాస్ట్ ఫర్నేస్, ఆపుకోవాల్సి వచ్చింది.

ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్‌కు, టాటా స్టీల్‌కు సొంత ఇనుప గనులున్నాయి. విశాఖ ఉక్కుకు లేవు, ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఖనిజాన్ని బజారు ధరకు కొనుక్కోవాలి. పక్క కొట్టుకు సరుకు అసలు ధరకిచ్చి, మా కొట్టుకు బజారు ధరకిచ్చి, ఇద్దర్నీ ఒకే రేటుకు అమ్మమంటే నా పద్దులో ఏం మిగులుతుంది? పద్దు రాసేవాణ్ణి తిడితే లాభం లేదు కదా.

ప్రతి సంస్థనూ ప్రభుత్వమే నడపాలని నేననను. ఎయిరిండియాను 2022లో టాటాలకు అప్పగించినప్పుడు నాకు బాధనిపించలేదు. ఇది వేరు. 1966లో గుంటూరు జిల్లా మనిషి అమృతరావు గారు ఈ ఉక్కు ఫ్యాక్టరీ కోసమే విశాఖ వెళ్లి నిరాహార దీక్షకు కూర్చున్నారు. ఆ ఉద్యమంలో రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలిచ్చారు. వేల కుటుంబాలు ఉక్కు ఫ్యాక్టరీ వస్తుందనే పొలాలు వదులుకున్నాయి. ఆ భూమి విలువ ఇప్పుడెంతో వేరే చెప్పాలా?

2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. సంతోషమే. కానీ గనులు లేకపోతే ఆ డబ్బు అప్పులకూ ఖనిజానికీ కరిగిపోతుందని నా భయం. మన విజయవాడ, గుంటూరు ఎంపీలు పార్లమెంటులో రెండు అడగాలి: సొంత గని కేటాయించండి, 2021 నాటి నిర్ణయాన్ని రద్దు చేసినట్టు రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వండి. నోటిమాట చాలదు. ఆ ఉత్తర్వు వస్తే, మళ్లీ వచ్చే రైతుకు చూపిస్తాను.

– ఓ గుమస్తా, భవానీపురం, విజయవాడ