రంగు లేచిపోయిన కుర్చీలు: తప్పు మాదే

అందరికీ నమస్కారం. ఈ వానల్లో మా దగ్గర రంగు వేయించుకున్న ఇనప కుర్చీలు ఐదు, మడత మంచం ఒకటి పొక్కులొచ్చి వెనక్కి వచ్చాయి. ఒక పెద్దావిడ నా ముందే కుర్చీ చేతి మీద గోరుతో గీకారు. పచ్చరంగు అప్పడంలా లేచొచ్చింది, కింద ఇటుకరంగు తుప్పు. "మా మామగారు కూర్చున్న కుర్చీ బాబూ, నాలుగు కాలాలు ఉంటుందని ఇచ్చాను" అన్నారు. నాకు నోట మాట రాలేదు.

విశాఖలో సముద్రం వైపు బాల్కనీలో పెట్టిన ఇనుము మీద ఉప్పు పేరుకుంటుంది. మేం వైర్ బ్రష్‌తో తుప్పు రాల్చి, ఎమరీ పేపర్ పట్టి, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) కొట్టేశాం. గుంటల్లో ఉప్పు అలాగే ఉండిపోయింది. అది చెమ్మను లాగుతుంది, పైన రంగు ఎంత మెరిసినా లోపల తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. పైగా ఆ వారమంతా ముసురు. సాయంత్రం గీకిన కుర్చీల మీద తెల్లారేసరికి పలచగా తుప్పు పట్టింది. చూశాను. డెలివరీ టెన్షన్‌లో చూడనట్టే ఊరుకున్నాను.

ఇప్పుడు గీకగానే మంచినీళ్లతో రెండుసార్లు కడుగుతున్నాం. బ్లోయర్‌తో ఆరబెట్టి, 120 నంబరు పేపర్ పట్టి, థిన్నర్ గుడ్డతో తుడిచి, అదే పూట ప్రైమర్ వేస్తున్నాం. కాళ్ల కింద రబ్బరు బుష్‌లు కూడా ఊడదీస్తున్నాం. మొన్న ఒక్కోదాంట్లో చెంచాడు నీళ్లు కారాయి!

అందుకే నాలుగు రోజుల పని పది రోజులు పడుతుంది, ముసురు పడితే ఇంకా ఆలస్యం. కుర్చీకి 450 తీసుకునేవాళ్లం, ఇకపై 600. వెనక్కి వచ్చినవాటికి పైసా వద్దు. పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి ఓవెన్ వేడికి పట్టించేది) కావాలంటే మా దగ్గర ఓవెన్ లేదు. బాల్కనీ కుర్చీలకు అదే మేలు, వేరే చోట చేయించుకోండి, నేనేం అనుకోను. ప్లాస్టిక్ వైరు అల్లిన కుర్చీలైతే ముందు అల్లిక విప్పాల్సిందే, ఆ వేడికి అది కరిగిపోతుంది.

ఇంట్లోనే చేసుకునేవాళ్లు పాత రంగును పొడిగా గీకకండి. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులోనే అమల్లోకి వచ్చింది. అంతకుముందువాటిలో ఎక్కువే ఉండొచ్చు. తడిపి గీకండి, పిల్లల్ని అటు రానివ్వకండి.

పెద్దావిడ కుర్చీకి నిన్న రెండో కోటు వేశాం. ముట్టుకుంటే ఆరినట్టే ఉంది కానీ, వచ్చే గురువారం దాకా దాని మీద ఎవరినీ కూర్చోనివ్వను.