తడి గోడకు ఇక కబోర్డు బిగించను: శ్రావణం ముహూర్తాలవాళ్లకు మా వర్క్‌షాప్ నుంచి

నమస్కారం.

శ్రావణంలో గృహప్రవేశం పెట్టుకుని విశాఖలో మాకు ఉడ్‌వర్క్ ఇచ్చిన ఆరు ఇళ్లవాళ్ల కోసం ముఖ్యంగా ఇది రాస్తున్నాను. గిరి ప్రదక్షిణ అయిపోయింది. మా కార్పెంటర్లలో ఇద్దరు సింహాచలం అప్పన్న కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడిచి వచ్చారు, మర్నాడు వాళ్లకు సెలవిచ్చాను. శ్రావణానికి ఇక రెండు వారాలే ఉంది. అందరి ఫోన్లూ ఒకేసారి వస్తున్నాయి. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పేకన్నా, ఉన్నదున్నట్టు అందరికీ ఒకేసారి చెప్పడం న్యాయం అనిపించింది.

ఎంవీపీ కాలనీ, గాజువాక ఇళ్లు చెప్పిన తేదీకి పూర్తవుతాయి. మధురవాడ, కొమ్మాది ఇళ్లలో ముహూర్తానికి కబోర్డులు బిగించను. మురళీనగర్ ఇల్లు ఆలస్యమవుతోంది, అది పూర్తిగా నా తప్పు. ఎండాడ ఫ్లాటులో పని అయిపోయింది కానీ తలుపుల బందులు (హింజెస్) మార్చాలి.

మధురవాడ, కొమ్మాది వాళ్లకు నా మీద కోపం వచ్చిందని తెలుసు. ఎందుకు ఆపానో చెప్పాలంటే పోయిన శ్రావణం సంగతి చెప్పాలి. వేపగుంటలో ఒక ఇంటికి ముహూర్తం రోజుకి అన్నీ పూర్తి చేసి ఇచ్చాం. ఆ పడకగది గోడ ప్లాస్టరింగ్ అయి అప్పటికి ఇరవై రోజులు కూడా కాలేదు. చేత్తో తడిమితే చల్లగా తగిలింది. నాకు తెలుసు, అయినా బిగించేశాను. దసరాకి ఆవిడ ఫోన్ చేశారు. పట్టుచీరలు తీద్దామని తలుపు తెరిస్తే ముక్కవాసన, చీరల మడతల మీద తెల్లటి బూజు. వెళ్లి కబోర్డు ఊడదీస్తే వెనక ప్లై నల్లబడిపోయి ఉంది. కబోర్డు మొత్తం నా ఖర్చుతో మార్చి ఇచ్చాను. చీరలు మాత్రం నేను తెచ్చివ్వగలిగినవి కావు. అందులో ఒకటి వాళ్లమ్మగారిది. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. "ముందే చెప్పుంటే సామాను తర్వాత తెచ్చుకునేవాళ్లం కదమ్మా" అన్నారు, అంతే. ఆ మాట ఈ ఏడాదంతా నాతోనే ఉంది.

కొత్త గోడ ఎంత నీళ్లు తాగుతుందో కట్టించినవాళ్లందరూ చూసే ఉంటారు. ప్లాస్టరింగ్ అయ్యాక కనీసం వారం రోజులు పైపు పెట్టి తడుపుతాం. తడపాలి కూడా, లేకపోతే పగుళ్లొస్తాయి. తాగిన ఆ నీరంతా మళ్లీ బయటికి పోవాలి. మంచి ఎండల్లో నెలరోజులు చాలు. మన ఊళ్లో ఈ వానాకాలంలో గాలే తడిగా ఉంటుంది, గోడ ఎక్కడ ఆరుతుంది? ఎంవీపీ కాలనీ, గాజువాక గోడలు మార్చిలో ప్లాస్టరింగ్ అయి ఎండాకాలమంతా ఆరాయి కాబట్టి వాటికి భయం లేదు. మధురవాడ, కొమ్మాది గోడలకు జూన్‌లో అయింది. ఇప్పుడు వాటిని ప్లైతో మూసేస్తే తడి పోయే దారి ఉండదు. నీటితో పాటు సిమెంటులోని ఉప్పు పైకి వచ్చి పెయింట్‌ని పొడిపొడిగా రాల్చేస్తుంది. పెయింట్ మళ్లీ వేసుకోవచ్చు, లోపల కుళ్లిన ప్లైని ఏం చేస్తాం?

గోడ ఆరిందో లేదో మీరే చూసుకోవచ్చు. అడుగున్నర చదరం పాలిథిన్ ముక్క తీసుకుని, నాలుగు అంచులూ గాలి దూరకుండా టేపుతో గోడకు అంటించండి. ఒక రోజంతా వదిలేయండి. మర్నాడు లోపలివైపు చెమట పట్టినట్టు నీటిచుక్కలు కనిపించినా, ఆ చోట గోడ రంగు ముదిరినా ఇంకా తడి ఉన్నట్టే. బాత్‌రూమ్‌ని ఆనుకున్న గోడకూ, పడమటి వాన కొట్టే గోడకూ తప్పకుండా చేయండి. ఇకనుంచి ప్రతి ఇంట్లో కబోర్డు తెచ్చే ముందు నేనే ఈ పరీక్ష చేసి ఫొటో మీకు పంపిస్తాను. చుక్క కనిపిస్తే బండి బయల్దేరదు.

ఈ మాట గట్టిగా చెప్పే ధైర్యం నాకు మా సొంత ఇంటి వల్ల వచ్చింది. చాలామందికి తెలియదు, మేమూ పెందుర్తి వైపు 150 గజాల్లో ఇల్లు కట్టుకుంటున్నాం. ముహూర్తం మాకూ శ్రావణంలోనే. పై బాత్‌రూమ్‌కి వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక, టైల్స్ వేయకముందు, నీళ్లు పోయే దారి మూసి 48 గంటలు నీళ్లు నిలబెట్టి చూద్దామన్నాను. మేస్త్రి ఒప్పుకోలేదు. "ఏటీ కాదమ్మా, ఇన్నేళ్లుగా ఇలాగే చేస్తన్నాం" అన్నాడు. నేను పట్టుబట్టాను. రెండో రోజు పొద్దున కింద పిల్లల గదిలోకి వెళ్తే, సరిగ్గా నేను కబోర్డు గీసుకున్న గోడ మీద చాపంత తడి మరక. నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు పైపులోకి పోయే చోటు) దగ్గర పైపు జాయింట్ సరిగ్గా మూయలేదు. పగలగొట్టి మళ్లీ చేసేసరికి తొమ్మిది రోజులు పోయాయి. టైల్స్ పడిపోయి, గోడకు నా కబోర్డు కూడా బిగిసి ఉంటే అది ఎన్నాళ్లకు బయటపడేదో.

ఆ తొమ్మిది రోజుల్లో నేను ఆ మేస్త్రి వెంటపడి "ముహూర్తం మనకోసం ఆగదు కదా మేస్త్రీ, తొందరగా కానివ్వండి" అన్నాను. అంటున్నప్పుడే గుర్తొచ్చింది, ఇవే మాటలు వేపగుంట ఇంటి యజమాని నాతో అన్నారు. ఒకవైపు అద్దె, మరోవైపు బ్యాంకు వాయిదా. పాత ఇంటి యజమానికి ఖాళీ చేస్తామని మాట ఇచ్చేసి ఉంటాం, బంధువులకు పిలుపులు వెళ్లిపోయి ఉంటాయి. ఆ టెన్షన్ ఏమిటో ఇప్పుడు నాకూ తెలుసు.

మా ఇంట్లో మేం తీసుకున్న నిర్ణయం ఇది. ముహూర్తానికి పాలు పొంగిస్తాం, వ్రతం చేసుకుంటాం, మా అత్తయ్య చెప్పినట్టు మూడు రాత్రులు అక్కడే నిద్ర చేస్తాం. సామాను మాత్రం దసరా నాటికి తెచ్చుకుంటాం. ప్రవేశం అయిపోయింది కాబట్టి సామాను ఎప్పుడు తెచ్చుకున్నా దోషం లేదని మా పురోహితుడు చెప్పారు. మీ పురోహితుణ్ణి మీరు అడగండి. రెండు నెలల అద్దె అదనంగా పడుతుంది, అది చిన్న మాట కాదని తెలుసు. అయినా పాలు పొంగించే తేదీ, సామాను దించే తేదీ వేరువేరుగా పెట్టుకోమని కొమ్మాది, మధురవాడ వాళ్లను చేతులెత్తి అడుగుతున్నాను. వరలక్ష్మీ వ్రతం కొత్త ఇంట్లోనే చేసుకోవాలన్న కోరిక అందరికీ ఉంటుంది. దానికి కావలసినవి ఇచ్చేస్తాను: సింహద్వారం తలుపు, పూజగది తలుపులు, వంట గట్టు కింద షట్టర్లు. కబోర్డులూ టీవీ యూనిటూ వర్క్‌షాప్‌లో సిద్ధంగా ఉంటాయి. వాటి మిగతా డబ్బు బిగించాకే ఇవ్వండి.

మురళీనగర్ వాళ్లకు: మా సొంత ఇంటికి ఒక కార్పెంటర్‌ని తీసుకెళ్లాను, అందుకే మీ పని వెనకబడింది. ఫోన్లో "మెటీరియల్ రాలేదు" అని చెప్పాను. మెటీరియల్ వచ్చే ఉంది. అలా చెప్పినందుకు క్షమించండి. ఆ కార్పెంటర్ సోమవారం నుంచి మీ ఇంట్లోనే ఉంటాడు. మీకు అదనంగా పడే నెల అద్దె నా బిల్లులోంచి తగ్గిస్తాను.

ఎండాడ ఫ్లాటు సముద్రం వైపు ఉంది. బాల్కనీ స్టోరేజీకి బిగించిన బందుల మీద మూడు వారాలకే గోధుమరంగు చుక్కలొచ్చాయి. నేను 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలు అడిగాను, వచ్చింది అంతకన్నా తక్కువ రకం 202. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలు అంటారు కానీ 202 కూడా మామూలుగా అంటుకోదు, అలా చూస్తే తేడా తెలియదు. ఊరి లోపల ఇళ్లకు 304 సరిపోతుంది. సముద్రపు గాలి నేరుగా తగిలే చోట 316 వేయాలి. అందులో కలిపే మాలిబ్డినం ఉప్పుగాలిని తట్టుకుంటుంది. ఎండాడలో బాల్కనీ వైపువన్నీ 316కి మారుస్తున్నాను, ఖర్చు నాదే.

ఈ వారం ముగ్గురు ఒకే ప్రశ్న అడిగారు: బడ్జెట్ దాటిపోయింది, ప్లై తగ్గించవచ్చా అని. కొన్నిచోట్ల తగ్గించవచ్చు. అటక తలుపులకూ, ఆరిన గదిలో పుస్తకాల అరలకూ ఐఎస్ 303 ప్లై (మామూలు వాడకానికి చేసే రకం) చాలు. వంటగదికీ బాత్‌రూమ్ గోడకూ మాత్రం ఐఎస్ 710 (నీటిని తట్టుకునే మెరైన్ రకం) తప్ప వేయను. ఆ ప్లైని 72 గంటలు మరిగే నీటిలో ఉంచినా పొరలు విడిపోకూడదన్నది దాని పరీక్ష. నాకు మాత్రం ఆ పరీక్ష 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను చేసి చూపించింది. మా వర్క్‌షాప్ షెడ్డు రేకులు లేచిపోయి సరుకంతా రాత్రంతా వానలో నానింది. తర్వాత నాన్న ఒక్కో షీటూ తీసి ఎండలో నిలబెట్టారు. మామూలు ప్లై అట్టల్లా విచ్చుకుంది. 710 ప్లై ఆరి నిలబడింది, దాంతో చేసిన బల్ల మీదే ఈ రోజుకీ కొలతలు గీస్తున్నాం. డబ్బు తగ్గించుకోవాలంటే లామినేట్ రంగుల్లో, హ్యాండిల్స్‌లో, ఫాల్స్ సీలింగ్‌లో తగ్గించండి.

వంట గట్టు ఎత్తు గురించి కూడా ఒక మాట. మా ఇంట్లో ఎవరినీ అడక్కుండా 36 అంగుళాల ఎత్తున గట్టు కట్టేశారు. మా అత్తయ్య పొట్టి మనిషి. గ్రానైట్ ఇంకా పడలేదు కాబట్టి నిలబెట్టి చూస్తే, గిన్నెలో గరిటె తిప్పడానికి ఆవిడ భుజాలు పైకి లేపాల్సి వచ్చింది. "పరవాలేదులే, చిన్న పీట వేసుకుంటాను" అన్నారు. తడి నేల మీద, పొయ్యి పక్కన పీటెక్కి నిలబడటమేమిటి? కొట్టించి 32 అంగుళాలకు కట్టించాను. ఇకపై కొలతలకు వచ్చినప్పుడు ఆ ఇంట్లో ఎక్కువగా వంట చేసే మనిషినే నిలబెట్టి, మోచేతికి నాలుగంగుళాలు కిందకి గీత గీస్తాను. దయచేసి ఆ రోజు వాళ్లను ఇంట్లో ఉండమనండి. మగవాళ్లు మాత్రమే వచ్చి "మామూలు ఎత్తు పెట్టేయండి" అంటే నేను కొలత తీసుకోను.

గృహప్రవేశం రోజుకి సంబంధించి, ఇన్నేళ్లుగా కస్టమర్ల ఇళ్లలో చూసినవి కొన్ని. ఆవూదూడా లోపలికి వచ్చేటప్పుడు గుమ్మం నుంచి తడి గోనె సంచులు పరవండి, విట్రిఫైడ్ టైల్స్ మీద డెక్కలు జారతాయి, పాపం ఆవు బెదిరిపోతుంది. హోమగుండం ఇటుకల కింద రెండంగుళాల మందాన ఇసుక పోయండి, లేకపోతే ఆ వేడికి టైల్ పగులుతుంది. మామిడి తోరణం కట్టడానికి కొత్త టేకు ద్వారబంధానికి మేకులు కొట్టవద్దు. ఆరు ఇళ్లకూ ముందురోజే ఇత్తడి కొక్కేలు బిగించి వెళ్తాం, వాటికి డబ్బు అక్కర్లేదు. గడపకు పాలిష్ వేసి వారమైనా కాకపోతే పసుపు రాసే ముందు నాకు ఒక్క ఫోన్ చేయండి.

బిగించాక వచ్చే ఘాటు వాసన ప్లై జిగురుది. కబోర్డు తలుపులన్నీ తెరిచి, ఎండగా ఉన్న పూట కిటికీలు తీసి రెండు వారాలైనా గాలి తగలనివ్వండి. పసిపిల్లలున్న గదికి ఇది మరీ ముఖ్యం. వానాకాలంలో తలుపు కాస్త పట్టేస్తే వెంటనే చిత్రిక పట్టించకండి. కర్ర తడికి ఉబ్బుతుంది, మళ్లీ తగ్గుతుంది. జనవరిలో నేను వచ్చి చూస్తాను, అప్పటికీ పట్టేస్తుంటే అప్పుడు తీద్దాం.

తేదీలు మార్చినందుకు అడ్వాన్సు వెనక్కి కావాలన్నవాళ్లకు, ఇప్పటివరకు కోసిన సరుకు పోను మిగిలింది వారంలో ఇచ్చేస్తాను, మొహమాటపడకుండా అడగండి. మంగళవారం పొద్దున కొమ్మాది, మధ్యాహ్నం మధురవాడ వస్తున్నాను, పాలిథిన్, టేపు నేనే తెస్తాను. మీరు చేయాల్సిందల్లా ఆ రోజూ మర్నాడూ ఆ గోడకు సామాను ఆనించకుండా, కిటికీలు తీసి ఉంచడమే.