గోదావరి గట్టు విడిది: 2025–26 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

వంట, పడక, మరుగుదొడ్డి అన్నీ లోపలే ఉండే బండిని, అంటే క్యారవాన్‌ను, నిలుపుకోవడానికి చోటు దొరకడం లేదని సంఘం పుట్టినప్పటి నుంచి వింటున్నాం. ఈ ఏడాది పనులు చూశాక, చోటు కంటే మురుగు నీళ్లు వదిలే ఏర్పాటే మనకు ఎక్కువ కరువని తేలింది. అందుకే ఈ నివేదికలో చాలా భాగం నీళ్ల సంగతే. కాస్త ఓపిక పట్టాలి.

దసరా సెలవుల్లో ఏటూరునాగారం వైపు గోదావరి ఒడ్డున ఉన్న పంచాయతీ పార్కులో మన బండ్లు వరుసగా నిలిచి ఉన్నాయి. ఉదయాన్నే కింది రేవు నుంచి ఒక పెద్దావిడ తడి బట్టల బుట్ట చంకన పెట్టుకుని గట్టెక్కి వచ్చారు. ఒక బండి కింద మొదలైన సబ్బు నురుగు సన్నటి చారలా గట్టు దిగి రేవు మెట్ల దాకా పాకింది. ‘‘ఈ నీళ్లు మీవేనా సార్? కింద మా పిల్లలు స్నానం చేస్తున్నారు’’ అన్నారు, గొంతు పెంచకుండానే. గిన్నెలు కడిగిన నీళ్ల ట్యాంకు కుళాయిని ఎవరో తిప్పి వదిలేశారు. ఆ తర్వాత పంచాయతీ పెద్దలతో కూర్చుని మాట్లాడక తప్పలేదు.

వంట, స్నానం నీళ్ల కోసం రేవుకూ చేతిపంపుకూ దూరంగా ఇంకుడు గుంత తవ్వించాం. అడుగున పెద్ద రాళ్లు, ఆపైన కంకర, అన్నిటికీ పైన ఇసుక. జిడ్డు చేరితే ఇసుక మూసుకుపోయి నీళ్లు ఇంకవు. అందుకే గిన్నెలను ముందు కాగితంతో తుడిచి, ఆ తర్వాతే కడగాలి. బండిలో మలం చేరే మరుగుదొడ్డి పెట్టెను మాత్రం పార్కు సెప్టిక్ ట్యాంకులోనే ఖాళీ చేయాలి. వాసన రాకుండా పెట్టెలో పోసే మందుల్లో ఫార్మాల్డిహైడ్ ఉన్నవి ఇకపై నిషేధం. మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులను అది చంపేస్తుంది. ట్యాంకు ఊరికే నిండిపోతుంది, ఎత్తిపోసే ఖర్చు పంచాయతీ నెత్తిన పడుతుంది. రంగు చూసి సీసా కొనేవారు ఇకనైనా దాని మీద రాసింది చదవాలి.

వానాకాలం నిబంధనపై ఈసారీ వాదన జరిగింది. జూన్ నుంచి సెప్టెంబరు చివరి వరకు కింది గట్టుపై బండి నిలపరాదు. ఇందులో మార్పు లేదు. ప్రాణహిత, ఇంద్రావతి కలిశాకే గోదావరి మన దగ్గరికి వస్తుంది కనుక, ఇక్కడ చినుకు పడకపోయినా రాత్రికి రాత్రి నీళ్లు పెరగవచ్చు. ఇక ఇక్కడే కురిస్తే ఎలా ఉంటుందో 2023 జూలైలో చూశాం. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. చెట్టు నీడ కావాలని అడిగేవారికీ ఒక మాట: 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో గాలికి వేల చెట్లు నేలకూలాయి. మబ్బు పడితే బండిని ఆరుబయటకు తీయాలి.

కరెంటు సాకెట్లకు ఎర్తింగ్ కొత్తగా వేయించాం. లోహపు బండిని తాకితే జిల్లుమనడం ఆగింది.

2026 జనవరి 28 నుంచి 31 వరకు మేడారం జాతర కావడంతో ఆ రోజుల్లో విడిది మూసేశాం. కొందరు అలిగారు. లక్షల మంది వెళ్లే దారిలో మన పొడవాటి బండ్లు అడ్డం పడటం బాగుండదని కార్యవర్గం భావించింది. ఎడ్లబండి కట్టుకుని వెళ్లి, దాని పక్కనే వండుకుని, దాని కిందే పడుకుని జాతర చేసుకున్న తాతలకు మనవలం మనం. ఈ విద్య మనకు కొత్తేమీ కాదు. కాకపోతే ఎడ్లబండికి మరుగుదొడ్డి పెట్టె లేదు.

వ్యాన్లను సొంతంగా క్యారవాన్లుగా మార్పించుకుంటున్న సభ్యులు ఆ మార్పును ఆర్‌సీలో నమోదు చేయించుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇందుకు సంబంధించినదే. నమోదు లేని బండికి ప్రమాదం జరిగితే బీమా దగ్గర చిక్కులు తప్పవు.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా పంపుతున్నారు. సెప్టిక్ ట్యాంకు ఎత్తిపోత ఖర్చులో సగం సంఘమే భరించాలని, అందుకు రాత్రి రుసుము పెంచాలని మహాసభ ముందు ప్రతిపాదన ఉంది. కార్యవర్గంలో దీనిపై ఏకాభిప్రాయం లేదు. నేను అనుకూలం. వ్యతిరేకించేవారు వాట్సాప్‌లో కాకుండా సభకు వచ్చి మాట్లాడాలి.

– కార్యదర్శి