నీళ్ల ప్లాంటు సంగతి

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? మొన్న ఫోన్‌లో "మన ఊరికి కంపెనీ వాళ్లు ఏదో చేశారంట కదా" అన్నావు, ఇంతలో సిగ్నల్ పోయింది. అది ఫోన్‌లో తేలే సంగతి కాదులే, తీరిగ్గా రాస్తున్నా.

రామాలయం పక్కన, మనం గోళీలాడిన చోట, నీళ్ల ప్లాంటు పెట్టారు. రొయ్యల మేత కంపెనీది. 20 లీటర్ల టిన్ను ఐదు రూపాయలు. పొద్దున్న ఆరింటికల్లా సైకిళ్లూ, టీవీఎస్‌లూ వరస కట్టేస్తాయి. మన వైపు బోరు వేస్తే ఉప్పునీళ్లేనాయె. ఎండాకాలం కాలవ కట్టేశాక మంచినీళ్ల చెరువు అడుగంటితే ఎంత అవస్థో నీకు తెలుసు. మంచి పనే, కాదనను. కానీ ఆ బోర్డు చూడాలిరా! ప్లాంటు కంటే బోర్డే పెద్దది. రాత్రిళ్లు దాని లైటు కింద పిల్లలు షటిల్ ఆడుకుంటున్నారు, అదో లాభం.

ఎంత దయగల మారాజులో అనుకున్నా. సీఏ చదివే మా మేనల్లుడు నవ్వాడు. "మావయ్యా, 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ ఉంది. నికర లాభం 5 కోట్లో, టర్నోవర్ (ఏడాది అమ్మకాలు) 1,000 కోట్లో, నెట్‌వర్త్ (అప్పులు పోను మిగిలే ఆస్తి) 500 కోట్లో ఉంటే, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇలాంటి పనులకి పెట్టాలి. చుట్టుపక్కల ఊళ్లకే ముందు చూడాలి" అన్నాడు. తమ వ్యాపారం కోసం చేసుకునేవి ఈ లెక్కలోకి రావట. అంటే మేత అమ్ముకోడానికి మీటింగ్ పెట్టి పంచే బిర్యానీ పొట్లాలు సేవ కాదన్నమాట. ఆయ్, మనం తిన్నవన్నీ వృథా!

అలాగని చట్టం ఉంటేనే చేస్తారనీ కాదు. ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాద్ గారు తణుకులో ఆంధ్రా షుగర్స్ పెట్టింది 1947లో. అప్పుడెక్కడిదీ సెక్షన్? అక్కడి ఆసుపత్రి మీద ఆ ఇంటి పేరు ఇప్పటికీ ఉంది.

అసలు కథ మొన్న ఏప్రిల్‌లో. ప్లాంటులో మెంబ్రేన్, అదే నీళ్లలో ఉప్పుని వడకట్టే పొర, పోయింది. కంపెనీని అడిగితే "అప్పగించేశాం, మెయింటెనెన్స్ పంచాయతీదే" అన్నారు. పంచాయతీలో అడిగితే "బోర్డు మీద ఎవరి పేరుందో వాళ్లనే అడగండి" అన్నారు. రెండు నెలలు టిన్ను ఇరవైకి కొన్నాం. చివరికి మా వీధి డ్వాక్రా ఆడవాళ్లు తాళాలు తీసుకున్నారు. రోజువారీ డబ్బులు బ్యాంకులో వేసి, ఫిల్టర్లకి పక్కన పెడుతున్నారు. మీటర్ రీడింగు గోడ మీద సుద్దముక్కతో రాస్తారు. అప్పట్నుంచి ఒక్కరోజూ ఆగలేదు. మా ఆవిడే కోశాధికారి, ఇంట్లో నా చిల్లరకి కూడా లెక్క అడుగుతోంది.

ఈమధ్య కంపెనీ కుర్రాడొస్తే, మురుగు కోడులో గుర్రపుడెక్క తీయించమన్నాను. వానొస్తే నీళ్లు లాగక సార్వా చేలు మునుగుతున్నాయి కదా. డైరీలో రాసుకుని, "బడికి బెంచీలు ఇద్దామనుకుంటున్నాం అండీ" అన్నాడు. బెంచీ మీదైతే పేరు రాయించుకోవచ్చు, కోడు మీద ఎక్కడ రాయిస్తారు?

అన్నట్టు, నువ్వొచ్చేటప్పుడు ఒక టీడీఎస్ మీటర్ పట్టుకురా, నీళ్లలో కరిగిన ఉప్పులెంతో చూపిస్తుందే, అది. చేతిలో ఇమిడే చిన్నదే చాలు. మా ఆవిడ అడుగుతోంది.

నీ
సత్తి